హాలుకు కొత్త టీవీ: ఫుల్ హెచ్‌డీ చాలునా, 4కే అవసరమా?

ప్రశ్న:

నమస్కారం. మేము చాలా ఏళ్లుగా వాడుతున్న 32 అంగుళాల టీవీలో తెర కింది సగం రోజురోజుకూ మసకబారుతోంది. బ్యాక్‌లైట్ పోతోందని, దాన్ని బాగుచేయించడం కన్నా కొత్తది కొనుక్కోవడమే మేలని మెకానిక్ చెప్పారు. సోఫా నుంచి టీవీ గోడకు దూరం రెండున్నర మీటర్లు. నాన్నగారు మాత్రం నడుము నొప్పి వల్ల సోఫాలో కూర్చోలేరు. పక్క గోడకు ఆనించి వేసిన కుర్చీలోనే కూర్చుని పగలంతా వార్తలు చూస్తారు. అక్కడి నుంచి చూస్తే పాత టీవీలో మనుషుల ముఖాలు పాలిపోయినట్లు కనిపించేవి. టీవీకి ఎదురుగా పెద్ద కిటికీ కూడా ఉంది. వార్తలు, ఆటలు సెట్‌టాప్ బాక్సులోనూ, సినిమాలు ఇంటర్నెట్‌లోనూ చూస్తాము.

43 అంగుళాలా, 55 అంగుళాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఫుల్ హెచ్‌డీ, 4కే, క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ అన్న పేర్లలో ముందుగా దేన్ని పట్టించుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1:

ముందు దూరం సంగతి తేల్చుకోండి, ఎందుకంటే మిగతా లెక్కలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. 55 అంగుళాల (మూల నుంచి మూలకు కొలత) తెర ఎత్తు సుమారు 69 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో ఆ ఎత్తును 1080 గీతలుగా విభజిస్తారు కనుక ఒక్కో చుక్క (పిక్సెల్) 0.63 మిల్లీమీటర్లు ఉంటుంది. చూపు బాగున్న మనిషి కన్ను సుమారు ఒక డిగ్రీలో 60వ వంతు కోణం వరకే వివరాలను విడదీసి చూడగలదు. ఆ లెక్కన 2.2 మీటర్లు దాటి కూర్చున్నవారికి ఈ చుక్కలు విడివిడిగా కనిపించవు. మీ సోఫా ఇంకా వెనక ఉంది కాబట్టి, 3840×2160 చుక్కల 4కే తెర వల్ల మీకు స్పష్టతలో కలిసివచ్చేది స్వల్పమే. అయితే 55 అంగుళాల పరిమాణంలో ఇప్పుడు దాదాపు అన్నీ 4కే టీవీలే వస్తున్నాయి కాబట్టి అది ఎలాగూ వస్తుంది. దానికోసం ప్రత్యేకంగా వెతకవలసిన పని లేదు.

పరిమాణం విషయంలో నా ఓటు 55కే. తెర వెడల్పు చూపులో 30 డిగ్రీల మేర ఆక్రమిస్తే సినిమాకు హాయిగా ఉంటుందన్నది చాలాకాలంగా పాటిస్తున్న కొలత. రెండున్నర మీటర్ల నుంచి 55 అంగుళాల తెర దానికి దగ్గరగా వస్తుంది, 43 బాగా తగ్గిపోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. మీ ఛానళ్లలో ఎక్కువ భాగం 720×576 చుక్కల ఎస్‌డీ (హెచ్‌డీ కంటే తక్కువ స్పష్టత గల పాత రకం) ప్రసారాలే అయితే, 4కే తెర మీద ప్రతి 20 చుక్కల్లో 19 చుక్కలను టీవీ తానే ఊహించి నింపుకోవాలి. ఆ పని ఎంత నేర్పుగా చేసినా ముఖాలు మైనం పూసినట్లు కనిపిస్తాయి. ముఖ్యమైన ఛానళ్లనైనా హెచ్‌డీలోకి మార్చుకోండి.

సమాధానం 2:

పై సమాధానంతో నేను ఏకీభవిస్తాను కానీ, మీ ఇంటికి సంబంధించి అసలు సమస్య చుక్కల సంఖ్య కాదు, నాన్నగారి కుర్చీ. ఎల్‌ఈడీ టీవీల్లో ముఖ్యంగా రెండు రకాల ప్యానెళ్లు ఉంటాయి. వీఏ రకంలో కాంట్రాస్ట్ (తెలుపు వెలుగుకూ నలుపు వెలుగుకూ ఉన్న నిష్పత్తి) 3000:1, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది కనుక నలుపు చిక్కగా వస్తుంది, కానీ పక్కకు జరిగి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ రకంలో కాంట్రాస్ట్ 1000:1 దగ్గరే ఉన్నా, పక్క నుంచి చూసినప్పుడు రంగులు అంతగా మారవు. చీకటి గదిలో ఎదురుగా కూర్చుని సినిమాలు చూసేవారికి నేను వీఏ అనే చెబుతాను. మీ ఇంట్లో పగటి వెలుతురు ఎక్కువ, పైగా పగలంతా టీవీ చూసే మనిషి పక్కన కూర్చుంటారు కాబట్టి ఐపీఎస్ వైపే మొగ్గండి. ఒకే మోడల్‌లో కూడా పరిమాణాన్ని బట్టి ప్యానెల్ రకం మారుతుంటుంది కనుక, పక్కింటివారి టీవీ చూసి అదే మోడల్ ఇంకో సైజులో కొనడం సరికాదు.

క్యూఎల్‌ఈడీ అన్నది ప్యానెల్‌లో వేరే జాతి కాదు. అదీ ఎల్‌ఈడీ టీవీయే, రంగులను మెరుగుపరిచే క్వాంటమ్ డాట్ పొర అందులో అదనంగా ఉంటుంది. ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా స్వయంగా వెలుగుతుంది కాబట్టి బొమ్మ పక్క నుంచి కూడా అద్భుతంగా ఉంటుంది. కానీ వార్తా ఛానల్ లోగో, కింద స్క్రోలింగ్ పట్టీ రోజూ గంటల తరబడి ఒకే చోట ఉంటే వాటి ముద్ర తెర మీద శాశ్వతంగా పడిపోయే ప్రమాదం ఉంది. మీ ఇంటి అలవాటుకు నేను దాన్ని సూచించను.

దుకాణంలో టీవీలు కళ్లు చెదిరే వివిడ్ మోడ్‌లో ఉంటాయి. సినిమా మోడ్ పెట్టించి, మనుషుల ముఖాలున్న దృశ్యం వేయించి, మీ నాన్నగారి కుర్చీ ఎంత పక్కగా ఉంటుందో అంత పక్కకు జరిగి చూడండి. ఆ తరువాత తెర ఆపించి నల్లటి అద్దంలో దీపాల ప్రతిబింబం ఎంత గట్టిగా పడుతోందో గమనిస్తే కిటికీ సంగతి కూడా తేలిపోతుంది.

సమాధానం 3:

రెండు విషయాలు కలుపుతాను. పలచటి టీవీల్లో స్పీకర్లు చాలావరకు కిందికి తిరిగి ఉంటాయి, మాటలు స్పష్టంగా వినిపించవు. పెద్దవారు ఉన్న ఇంట్లో ఇది చిన్న లోపం కాదు కనుక, తరువాతైనా సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టుకునే విడి స్పీకరు) తగిలించుకోవడానికి ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎమ్‌ఐ వైరులోనే స్పీకరుకు పంపే) సౌకర్యమున్న హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు ఉందో లేదో చూసుకోండి. రెండవది, మీ సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి ఏ వైరు వస్తోంది? పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరైతే అందులో హెచ్‌డీ బొమ్మ రానే రాదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే టీవీ వెనక చూశాను, మూడు రంగుల పిన్నుల వైరే ఉంది. బాక్సు హెచ్‌డీదే, హెచ్‌డీ ఛానళ్లకు డబ్బు కూడా కడుతూనే ఉన్నాము. డ్రాయర్‌లో పడి ఉన్న హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ పెట్టి, బాక్సు సెట్టింగుల్లో 1080 ఎంచుకోగానే, మసకబారని పై సగంలో వార్తలు చదివే ఆవిడ చీర అంచు మీది డిజైన్ కూడా కనిపించింది. వెలుగు పోయిన కింది సగానికి కొత్త టీవీ తప్పదు కనుక, 122 సెంటీమీటర్ల వెడల్పు, 69 సెంటీమీటర్ల ఎత్తుతో అట్టముక్క కత్తిరించి గోడకు అంటించాను. నాన్నగారు తన కుర్చీలో నుంచి చూసి, ఇంకొంచెం కిందికి దించమన్నారు. ఆదివారం ఆయననే దుకాణానికి వెంటబెట్టుకుని వెళ్లి, పక్కన నిలబెట్టి చూపిస్తాను.