గుర్రపు డెక్క తీసినా మళ్ల కమ్ముతున్నది, ఏం చెయ్యాలె?

బొచ్చెవల: అందరికి నమస్తే. మాది వరంగల్‌కు ఆనుకొని ఉన్న ఊరు, నేను మత్స్య సహకార సంఘంల సభ్యున్ని. పోయిన ఎండాకాలం జేసీబీ పెట్టి చెరువుల డెక్కంత తీయించినం. కాంట్రాక్టరు దాన్ని కట్ట మీదనే కుప్పలు పోసి పోయిండు. దసరా వచ్చేసరికి నీళ్లు కనపడకుండ మళ్ల అల్లుకున్నది. వల ఏస్తే వేర్లే చిక్కుతున్నయి. పొద్దుగాల బొచ్చెలు, రవ్వలు నోళ్లు పైకి పెట్టి గాలి మింగుతున్నయి. కొర్రమట్ట ఒక్కటే తట్టుకుంటున్నది. గడ్డిమందు కొట్టమని ఒకాయన ఒకటే చెప్పుడు. కొట్టొచ్చా?

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్: మందు జోలికి పోవద్దు తమ్మీ. మందుకు చచ్చిన డెక్క అడుగుకు దిగి కుళ్లుతది, ఉన్న కొంచెం ఆక్సిజన్ గూడ గుంజుకుంటది. అప్పుడు నువ్వు వల ఎయ్యనే అక్కర్లేదు, చేపలన్ని తేలి ఒడ్డుకే వస్తయి.

అసలు సంగతి మోరి. మనయి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కాలువ పట్టి కింది చెరువుకు వచ్చేటియి. ఇప్పుడు ఆ కాలువలనే కాలనీల మురుగు పారుతున్నది. మురుగుల ఉండే నత్రజని, భాస్వరం డెక్కకు యూరియా, డీఏపీ ఏసినట్టే. అది ఆపకుంట ఎన్ని జేసీబీలు పెట్టినా కిరాయి దండుగ.

మోరి చెరువుల కలిసేకాడ ముందుగాల ఒక గుంట తవ్వుండ్రి, చెత్త, బురద అండ్ల దిగుతది. దాని ఎనుక మోకాలు లోతు మడి చేసి జమ్ము, తుంగ పెట్టుండ్రి. నీళ్లు అండ్ల కొన్ని రోజులు నిలిచి చెరువులకు పోవాలె. జమ్మును ఏటేటా కోసి బయట పారెయ్యాలె. కొయ్యకుంటే అదే కుళ్లి, పీల్చుకున్నదంత మళ్ల నీళ్లకే ఇస్తది. శుద్ధి ప్లాంటు కట్టుమని అర్జీ పెట్టుండ్రి గని, అది వచ్చేదాక చేతులు ముడుచుకొని కూసోవద్దు.

ఇంకోటి. డెక్క విత్తులు బురదల ఏండ్లకేండ్లు బతుకుతయి. చెరువు ఎండి మిరుగు వానలకు బురద తడవంగనే మొలుస్తయి. వేలంత ఉన్నప్పుడే పీకేస్తే మనుషులతోనే పని అయితది.

కట్టమీది పిట్ట: సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. పూడిక తీసేటప్పుడు చెరువంతా గిన్నెలాగా నిటారుగా తవ్వించకండి. శిఖం, అంటే చెరువు లోపలి నేల, దాని అంచుల్లో పలచగా నీళ్లుండే జాగా వదిలేయండి. చేప పిల్లలు అక్కడే దాక్కుంటాయి, నత్తగుల్ల కొంగలు అక్కడే మేస్తాయి. లోపలున్న తుమ్మ చెట్లను కూడా కొట్టించకండి, వాటి మీదే కొంగలు గూళ్లు పెడతాయి. చిత్తడి నేలల రూల్సు ఉన్నాయి కదా అని ధీమా పడకండి, 2017 రూల్సులో సాగునీటి కోసం కట్టిన చెరువుల్ని లెక్కలోంచి తీసేశారు. మీకు అక్కరకొచ్చేది ఎఫ్‌టీఎల్ హద్దే, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు. రాళ్లు పాతించారా?

పొలంగట్టు: పూడిక మట్టి ఉంటే చెప్పున్రి, ట్రాక్టరు మాదే. 2015ల చెరువుల పూడిక తీసే సర్కారు పథకం మిషన్ కాకతీయ అప్పుడు తోలిన చెల్కల మక్క మస్తు వచ్చింది. డెక్కను పేడతోటి కలిపి ఎరువు చెయ్యొచ్చు, గని ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువుదైతే వద్దు, లోహాలను పీల్చుకుంటది అది.

డెక్కను తినే పెంకు పురుగులు ఉంటయట కదా?

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్: ఉన్నయి. 1980లల్ల బెంగళూరు దిక్కు తెచ్చి వదిలిండ్రు. గని పని చేసేందుకు ఏండ్లు పడతది. మన చెరువు ఎండినప్పుడు డెక్క పోతే పురుగుకు తిండెక్కడిది? మురుగు ఆగినంక చూద్దాం.

బొచ్చెవల: దండాలు సార్, మేడమ్. మందు ముచ్చట బంద్. కట్ట మీది డెక్క కుప్పలు మళ్ల నీళ్లల్ల పడకుంట ఈ వారమే దూరం తోలిపిస్తం. రాళ్లు ఒక దిక్కే ఉన్నయి మేడమ్. మోరి కలిసేకాడ జమ్ము పెట్టే జాగల ఎవరో మక్క ఏసిండ్రు, ముందుగాల ఆ పంచాయితీ తెగాలె. పొలంగట్టు అన్నా, అది మీరు కాదు కదా?