ఏడ్రియాటిక్ సముద్రంలో రాత్రి గాలివానకు లంగరు జారింది: నష్టం ఎవరు భరించాలి?

ప్రశ్న:
జర్మనీలో ఉద్యోగాలు చేస్తున్న ఆరుగురు మిత్రులం ఆగస్టులో క్రొయేషియాలోని స్ప్లిట్‌లో ఒక తెరచాప పడవను వారం రోజులకు అద్దెకు తీసుకున్నాం. మాలో లైసెన్సు ఉన్న మిత్రుడొక్కడే పడవ నడిపాడు, డిపాజిట్ కూడా అతని కార్డు మీదే ఉంది. విస్ ద్వీపంలోని కొమిజా దగ్గర లంగరు వేసిన సాయంత్రం సముద్రం ప్రశాంతంగా ఉంది, ఫోనులోని యాప్ కూడా చిరుగాలినే చూపింది. అర్ధరాత్రి దాటాక పడమటి నుంచి గాలివాన విరుచుకుపడటంతో లంగరు జారి, పడవ వెనుకభాగం రాళ్లకు తగిలి చుక్కాని వంగిపోయింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు గానీ, మిగిలిన సెలవంతా రేవులోనే గడిచింది. అద్దె సంస్థ డిపాజిట్ మొత్తం పట్టుకుంది. నడిపినవాడే భరించాలని మాలో ఇద్దరి వాదన. ఇటువంటి గాలివానను ముందుగా పసిగట్టగలమా?

మొదటి సమాధానం:
అక్కడివారు దీన్ని నెవెరా అంటారు. వేసవిలో వేడెక్కిన సముద్రం మీదికి పడమటి నుంచి చల్లగాలి వచ్చినప్పుడు ఉరుముల మేఘాలు లేచి, కొద్దిసేపే అయినా భీకరమైన గాలులు వీస్తాయి. యాప్ చూపేది విశాల ప్రాంతానికి లెక్కగట్టిన గాలి కాబట్టి, ఒక్క మేఘం కింద పుట్టే ఈదురుగాలి అందులో కనిపించకపోవచ్చు. 2022 ఆగస్టు 18న ఫ్రాన్సుకు చెందిన కోర్సికా ద్వీపంలో గంటకు 220 కిలోమీటర్లు దాటి గాలి వీచినప్పుడు, ఫ్రాన్సు వాతావరణ శాఖ సైతం నారింజ హెచ్చరికను ఆ ఉదయం గాలివాన మీదికి వచ్చాకే జారీ చేయగలిగింది. అయితే గాలి వేగం తెలియకపోయినా ఉరుములు పడే అవకాశం సాధారణంగా ముందే తెలుస్తుంది. కొమిజా పడమటికి తెరుచుకున్న రేవు. ఉరుముల సూచన ఉన్న రాత్రి ద్వీపానికి అవతలి వైపున్న విస్ పట్టణానికి వెళ్లడం మేలు. చీకటి పడ్డాక పడమట మెరుపులు కనిపిస్తే నిద్ర సంగతి మరచిపోవాలి.

రెండో సమాధానం:
లంగరు గొలుసు ఎంత వదిలారో మీరు రాయలేదు. ఆరు మీటర్ల లోతులో, నీటిమట్టం నుంచి పడవ ముక్కు దాకా ఉన్న మీటరునూ కలుపుకుని, గాలివాన భయం ఉన్నప్పుడు దానికి ఏడు రెట్లు, అంటే దాదాపు యాభై మీటర్లు వదలాలి. చోటు లేకపోతే అక్కడ ఆగకూడదు. గాలి మొదలవగానే ఇంజన్ వేసి, అందరూ లైఫ్ జాకెట్లు తొడుక్కుని, ఒకరు చుక్కాని దగ్గర నిలబడాలి. పిడుగులు పడుతుంటే చేతి రేడియోనూ ఒక ఫోనునూ వంటగదిలోని ఓవెన్‌లో పెట్టడం నావికుల అలవాటు. నవ్వొచ్చినా, ఆ ఇనుప పెట్టె కొంత రక్షణనిస్తుంది. ఆపద ముదిరితే పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్‌లో పిలవాలి, ఫోనులో అయితే క్రొయేషియా సముద్ర రక్షణ నంబరు 195.

మూడో సమాధానం:
సంస్థ దృష్టిలో సంతకం చేసినవాడిదే బాధ్యత, మీ మధ్య మాత్రం కాదు. ఆ రేవులో ఆగుదామన్న నిర్ణయం ఆరుగురిదీ అయినప్పుడు ఖర్చు ఆరు వాటాలు కావడమే న్యాయం. జీతం తీసుకోకుండా వారమంతా మిమ్మల్ని తిప్పినవాడి మీద బిల్లు మోపడం స్నేహధర్మం కాదు. ముందుగా మరమ్మతు బిల్లు, చుక్కాని ఫొటోలు అడగండి, నష్టం డిపాజిట్ కంటే తక్కువైతే మిగిలింది తిరిగి కోరండి. బయల్దేరేటప్పుడు డిపాజిట్‌కు బీమా తీసుకున్నారేమో ఒప్పందంలో చూడండి. తీసుకుని ఉంటే, గడువు దాటకముందే మీ మిత్రుడి పేరుతోనే దరఖాస్తు వెళ్లాలి.