ఇసుక ఏటికి చెక్‌డ్యాం మేలా, చేటా?

ఏటిగట్టు: మా ఊరిది వానల్లో పారి వేసవిలో ఎండే ఏరు. ఇసుక 2–3 మీటర్ల మందం. ఒడ్డు బావులు అడుగంటుతున్నాయి. చెక్‌డ్యాం కట్టాలని కొందరు, ఇసుక తోడకుండా ఆపితే చాలని కొందరు. ఏది సరి?

ఇసుకతిన్నె: ఇసుకే చెరువండీ. లెక్కేయండి: కిలోమీటరు పొడవు, 50 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు అంటే లక్ష ఘనపు మీటర్ల ఇసుక. ముతక ఇసుకైతే అందులో పావు వంతు దాకా నీరు దక్కుతుంది, అంటే రెండున్నర కోట్ల లీటర్లు. నీటిమట్టం మీటరు కిందికి దిగాక ఎండకు పోయేది బహు తక్కువ. చెక్‌డ్యాం నీరు మాత్రం మండుటెండల్లో రోజుకు 6–8 మిల్లీమీటర్లు ఆవిరైపోతుంది. ఇసుక తోడేస్తే ఆ చెరువు పోవడమే కాదు, ఏటి అడుగు దిగినకొద్దీ బావుల్లోని నీరు ఏట్లోకే జారుతుంది.

రాతికట్టు: ఇసుక ఉన్నంత మాత్రాన నీరు ఆగదు. వాలు ఉంటే నీరు ఇసుక కిందుగానే దిగువకు పోతుంది, అడ్డు అందుకే. చెక్‌డ్యాంలు చెడేది కట్టుబడి లోపంతో. పునాదిని ఇసుకలోనే ఆపేస్తే నీరు అడుగు నుంచి ఇసుకను లాక్కుపోతుంది. రెక్క గోడలు, అంటే రెండు కొసల్లోని పక్క గోడలు, ఒడ్డులోకి చొచ్చుకుపోకపోతే వరద పక్క నుంచి కోసేస్తుంది. దిగువన రాతి పరుపు లేకపోతే నీరు పడ్డచోట గుంట పడి గోడే ఒరుగుతుంది.

ఇసుకతిన్నె: అన్నీ సరిగ్గా కట్టినా ఒండ్రు మాటేమిటి? పలచటి బంకపొర పేరుకున్నా ఇంకుడు మందగిస్తుంది. ఏటా ఎండాకాలం దాన్ని గీకేవాళ్లెవరు?

మడుగుచేప: వరదకు ఎదురీది గుడ్లు పెట్టే చేపలకు నిట్టనిలువు గోడ దాటరాని అడ్డు. గోడ కనబడాలని ఏముంది, ఇసుక కిందే కట్టొచ్చు. నీరు బాగా తగ్గినప్పుడు, ఏరు ఇరుకైన చోట, ప్రతి 5 మీటర్లకు ఇనుప కడ్డీ దించి గట్టి నేల ఎంత లోతుందో చూడాలి. అక్కడిదాకా కందకం తవ్వి బంకమట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. పైఅంచు ఇసుక మట్టానికి మీటరు కిందే ఆగాలి, లేదంటే వరద కోతకు బయటపడుతుంది. కింది రాయి పగుళ్లదైతే మాత్రం శ్రమ దండగ.

ఏటిగట్టు: నీరు నిలిచిందని తెలిసేదెలా?

మడుగుచేప: ఎగువన ఒకటి, దిగువన ఒకటి చిల్లుల గొట్టాలు దించి నెలకోసారి మట్టం కొలవండి. ఏరు పారడం ఆగాక కూడా రెండూ సమానమైతే కట్ట కారుతున్నట్టే.

రాతికట్టు: తేడా ఎక్కువైతే దిగువ ఊరి బావులు దిగుతున్నట్టు కూడా కావచ్చు. వాళ్లను అడగకుండా కందకం మొదలెట్టకండి.