సిగ్నల్ లేని ఊళ్లలో ఇంటింటి సర్వే: కాగితం నుంచి ఫోన్‌కు మారాలంటే?

ప్రశ్న
మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. 12 మంది కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి తల్లీబిడ్డల వివరాలు కాగితం మీద రాస్తారు. వాటిని ఆఫీసులో ఎక్సెల్‌లోకి ఎక్కిస్తాం. చాలా ఊళ్లలో సిగ్నల్ ఉండదు. ఉన్నవన్నీ పాత ఆండ్రాయిడ్ ఫోన్లే. గూగుల్ ఫారమ్స్ సరిపోతాయా?

జవాబు 1
నెట్ లేనిచోట గూగుల్ ఫారమ్స్ పనికిరావండీ. కోబోటూల్‌బాక్స్ చూడండి, ఫారాలు తయారుచేసి ఫోన్లలో వివరాలు సేకరించే సాధనం ఇది. దాని యాప్ కోబోకలెక్ట్, ఓడీకే కలెక్ట్ అనే మరో సర్వే యాప్ ఆధారంగా తయారైంది. ఫారం ఒకసారి ఫోన్‌లోకి దించుకుంటే చాలు, నింపడానికి నెట్ అక్కర్లేదు, పంపడానికే కావాలి. ఉచిత ఖాతాకు పరిమితులున్నాయి, మొదలుపెట్టే ముందే వాళ్ల సైట్‌లో చూసుకోండి.

ఫారం ఎక్సెల్‌లోనే రాసుకోవచ్చు. ప్రశ్నలుండే సర్వే షీటు, ఎంచుకునే జవాబులుండే చాయిసెస్ షీటు ముఖ్యం, ఫారం పేరు లాంటివి పెట్టే సెట్టింగ్స్ మూడోది. ‘కన్‌స్ట్రెయింట్’ కాలమ్‌లో వయసు 0 నుంచి 59 నెలల మధ్యే ఉండాలని రాస్తే, 590 అని కొట్టినప్పుడు ఫోనే ఆపేస్తుంది. కాగితంతో రాని లాభం ఇదే. ఒక్క జాగ్రత్త: సర్వే మొదలయ్యాక ప్రశ్న పాఠం దిద్దండి, పర్లేదు. ఆ ప్రశ్నకు లోపల వాడే గుర్తింపు పేరుండే ‘నేమ్’ కాలమ్‌ను మాత్రం ముట్టుకోవద్దు. మారిస్తే పాత జవాబులు ఒక కాలమ్‌లో, కొత్తవి ఇంకో కాలమ్‌లో పడతాయి.

జవాబు 2
డేటా పోయేది ఎక్కువగా ఫోన్‌లోనే. డ్రాఫ్ట్‌గా సేవ్ చేసిన ఫారం సర్వర్‌కు వెళ్లదు, నింపాక ఫైనలైజ్ (పూర్తయిందని ఖరారు) చేయాలి. నెట్ దొరకగానే తానే పంపేసే ఆటో సెండ్ ఆన్ చేస్తే మేలు. పంపని ఫారాలుండగా యాప్ తీసేసినా, యాప్ డేటా క్లియర్ చేసినా అవి పోయినట్టే. ‘స్టోరేజీ నిండింది’ అన్న మెసేజ్ చూసి కార్యకర్తలు చేసే మొదటి పని కూడా అదే! అందుకే ఫొటో ప్రశ్నకు ‘మాక్స్-పిక్సెల్స్’ (ఫొటో పొడవైన వైపుకు హద్దు) 1024 పెట్టండి, ఫైళ్లు బాగా చిన్నవవుతాయి. ఫోన్ తేదీ ఆటోమేటిక్‌లో ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే ఏ సందర్శన ముందో ఏది తర్వాతో తేలదు.

ప్రశ్న అడిగినవారు
అదే బిడ్డ దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు గుర్తుపట్టడం ఎలా? పేర్లు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తున్నారు.

జవాబు 3
పేరుతో కలపాలని చూడకండి, నంబరు ఇవ్వండి. నెట్ లేని ఫోన్లకు ఒకదాని లెక్క ఇంకొకదానికి తెలియదు కాబట్టి 1, 2, 3 అని అందరూ మొదలుపెడితే నంబర్లు కలిసిపోతాయి. ముందు కార్యకర్త కోడ్, తర్వాత వరుస సంఖ్య: 07-0132 లాగా. దాన్ని ఒక కార్డు మీద రాసి తల్లికి ఇవ్వండి. రెండో సందర్శనకు పాత జాబితాను సీఎస్వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలుగా ఫారానికి జతచేస్తే, నంబరు కొట్టగానే పేరు తెర మీదికి వస్తుంది. అప్పుడిక ఆ జాబితా ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి లాక్ తప్పనిసరి. ఫైలులో ఆ కార్యకర్త చూసే ఇళ్లవే, అవసరమైన కాలమ్‌లే ఉంచండి.

జవాబులను సర్వర్ నుంచి డౌన్‌లోడ్ చేసిన సీఎస్వీని డబుల్ క్లిక్‌తో తెరవకండి. మన లిపి పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు, ఫోన్ నంబర్ల ముందు సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటిన నంబర్లలో చివరివి సున్నాలైపోతాయి. ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి, యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు సరిగా చదివే ఎన్‌కోడింగ్) ఎంచుకుని, నంబర్ల కాలమ్‌లను ‘టెక్స్ట్’గా పెట్టండి.