షాఫ్ట్ మార్చాక సెవెన్ ఐరన్ పుల్లలా ఊగుతోంది, బరువు ఎంత కలపాలి?

భీమవరం_బోగీ

అందరికీ నమస్తే. నా గోల్ఫ్ ఆట నెలకోసారి వైజాగ్ ఈస్ట్ పాయింట్ కోర్సులో, మిగతా రోజుల్లో మా చెరువు గట్టు మీద పాత వల కట్టుకుని అందులోకి కొట్టుకోవడమే. నా ఐరన్లకి (లోహపు తల ఉన్న క్లబ్‌లు) ఉన్న స్టీల్ షాఫ్ట్‌లు, అంటే పొడుగాటి కాడలు, ఈ ఉప్పుగాలికి గ్రిప్ కింద తుప్పు పట్టేశాయి, పైగా మోచెయ్యి లాగుతోంది, ఎలాగూ మార్చాలి కదా అని గ్రాఫైట్‌వి తెప్పించాను. ముందు సెవెన్ ఐరన్ ఒక్కటే చేసి చూశా. పాత షాఫ్ట్ 120 గ్రాములు, కొత్తది కోశాక 65. హెడ్ (బంతికి తగిలే తల) 262, గ్రిప్ అదే రకం, 50. పొడవు మాత్రం పాతదాన్ని పక్కన పెట్టి చూసి సరిగ్గా 37 అంగుళాలకే కోశాను. అన్నీ రొయ్యల కౌంట్ చూసే కాటా మీద తూచినవే, అది గ్రాము తేడా కూడా పట్టేస్తుంది.

ఇప్పుడు సమస్య ఏంటంటే హెడ్ ఎక్కడుందో చేతికి తెలియట్లేదు. పైనుంచి తొందరపడి దించేస్తున్నా, బంతి నెత్తిమీద తగిలి నేలబారుగా పోతోంది. తగ్గింది 55 గ్రాములు కదా, వలకి కట్టే సీసం గుళ్ళు సాగగొట్టి ఆ 55 హెడ్ వెనక అంటించేస్తే సరిపోతుందా?

చిక్కం_దోటి

ఆగండాగండి, 55 అంటిస్తే అది ఐరన్ కాదు, సమ్మెట.

మామిడికాయలు కోసే దోటి పట్టారా ఎప్పుడైనా? చివర చిక్కంలో రెండు కాయలు పడితే చాలు, చేతులు పడిపోతాయి. అవే రెండు కాయలు మీరు పట్టుకున్న చోట కట్టుకోండి, ఉన్నట్టే తెలియదు. బరువు ఎంత అన్నదానికన్నా చేతికి ఎంత దూరంలో ఉందన్నదే లెక్క. మీకు తగ్గిన 55 గ్రాములూ షాఫ్ట్ పొడుగునా పరుచుకుని ఉన్నవి, హెడ్‌లోవి కావు.

దీన్నే స్వింగ్ వెయిట్ అంటారు. 1920లలో అమెరికాలో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన దీనికోసం ఒక కాటా తయారుచేశాడు, గ్రిప్ చివర నుంచి 14 అంగుళాల దగ్గర ఆనించి హెడ్ వైపు ఎంత లాగుతోందో చూడ్డమే దాని పని. ఆ కాటా కొనక్కర్లేదు. నిలబెట్టిన స్కేలు అంచు మీద క్లబ్‌ని అడ్డంగా పెట్టి, ఎక్కడ తూగి ఆగుతుందో అక్కడ గుర్తు పెట్టండి. గ్రిప్ చివర నుంచి ఆ గుర్తు దాకా ఎన్ని అంగుళాలో కొలిచి, అందులోంచి 14 తీసేసి, మొత్తం క్లబ్ బరువుతో గుణించండి. దాదాపు 6,050 వస్తే ఆ కాటా లెక్కలో డి-0. అక్కడి నుంచి ప్రతి 50కి ఒక పాయింటు, పైకి డి-1, డి-2, కిందికి సి-9, సి-8 అలా. మామూలు మగవాళ్ళ ఐరన్లు డి-0, డి-2 మధ్య ఉంటాయి. కొలిచి అంకె ఇక్కడ పెట్టండి.

భీమవరం_బోగీ

కొలిచానండి. మొత్తం 380 గ్రాములు (జిగురు, టేపు, షాఫ్ట్ హెడ్‌లోకి దిగే చోట ఉండే ఫెరూల్ ఉంగరంతో కలిపి), తూగింది 29 పావు దగ్గర. 15.25 ఇంటూ 380, అంటే 5,795. ఐదు పాయింట్లు తక్కువ, సి-5 అన్నమాట! ఇంకా మార్చని ఎయిట్ ఐరన్ చూస్తే డి-1 వచ్చింది. ఆరు పాయింట్ల తేడా.

చిక్కం_దోటి

అదీ. హెడ్ దగ్గర సుమారు 2 గ్రాములకి ఒక పాయింటు, కాబట్టి మీకు కావాల్సింది పన్నెండు పదమూడు గ్రాములు, 55 కాదు. గ్రిప్ 5 గ్రాములు తేలికది వేసినా ఒక పాయింటు పెరుగుతుంది, అది చేతుల వెనక బరువు కాబట్టి తీస్తే హెడ్ బరువెక్కినట్టు ఉంటుంది.

లంక_లెఫ్టీ

మిగతా షాఫ్ట్‌లు కోసేశారా? కొయ్యకపోతే అర్జంటుగా ఆపండి!! గ్రాఫైట్ వేసేటప్పుడు చాలా సెట్లలో అర అంగుళం పొడుగు ఉంచేది ఊరికే కాదు, అర అంగుళానికి మూడు పాయింట్లు వస్తాయి. మీ ఆరులో సగం అక్కడే తీరిపోతుంది, మిగతా సగానికి 6 గ్రాముల సీసం చాలు. నేను ఇదే తప్పు చేసి మొత్తం సెట్ పొట్టిగా కోసేసి నెల రోజులు ఎవరికీ చెప్పుకోలేక తిరిగాను. పొడుగు ఉంటే కోయొచ్చు, కోశాక అతకాలంటే గ్రిప్ వైపు బిళ్ళ దూర్చాలి, ఆ బరువు మళ్ళీ తప్పు వైపు పడుతుంది.

ఒకటి గుర్తుంచుకోండి, అర అంగుళం పెంచితే లై (హెడ్ నేలకి ఆనినప్పుడు షాఫ్ట్ నిలిచే వాలు) కూడా దాదాపు ఒక డిగ్రీ నిటారైనట్టు పనిచేస్తుంది. హెడ్ మడమ (షాఫ్ట్ వైపు అంచు) నేలకి గీసుకుంటూ బంతి ఎడమకి పోతుంటే (నాకైతే కుడికి) కారణం అదే. ఇంకోటి, గ్రాఫైట్ కోసేటప్పుడు టేపు చుట్టి సన్నపళ్ళ బ్లేడుతో కొయ్యండి, మూతికి గుడ్డ కట్టుకోండి, ఆ పొడి పీలిస్తే మంచిది కాదు.

పాత_క్యాడీ

లెక్కలు బాగానే ఉన్నాయి గానీ బాబూ, డి-1 అన్న అంకె కోసం ప్రాణం తీసుకోవద్దు. ఇప్పుడు క్లబ్ మొత్తమే యాభై గ్రాములు తేలిక, అలాంటప్పుడు పాత అంకె పెట్టినంత మాత్రాన పాత క్లబ్ రాదు. తేలిక షాఫ్ట్‌తో డి-1 పెడితే కొందరికి హెడ్ మరీ లాగినట్టు ఉంటుంది. సీసం ఒకేసారి అంటించకు. రెండేసి గ్రాములు, హెడ్ వెనక, కింద, సరిగ్గా మధ్యలో. బంతికి తగిలే హెడ్ ముఖానికి విభూతి రాసి పది బంతులు కొట్టు, మచ్చలు ఎక్కడ పడ్డాయో చూడు, మళ్ళీ రెండు గ్రాములు. మచ్చలన్నీ ఒకచోట గుంపు కట్టిన దగ్గర ఆగిపో, అంకె ఆ తర్వాత రాసుకో. మిగతా ఐరన్లు దానికి సరిపెట్టు.

భీమవరం_బోగీ

ఇవాళ పొద్దున్న కూర్చున్నా. నాలుగు గ్రాములకి ఏమీ తేడా లేదు. ఆరుకి హెడ్ ఉందని తెలిసింది. ఎనిమిదికి విభూతి మచ్చలు రూపాయి బిళ్ళంత చోట పడ్డాయి, పదికి మళ్ళీ హెడ్ బొటనవేలు వైపు, అంటే బయటి కొసకి జారాయి. అంటే నాకు సి-9 చాలన్నమాట, ఇంతకాలం డి-1తో మోచెయ్యి పాడుచేసుకున్నానేమో. సెవెన్ ఇలాగే ఎనిమిదితో ఉంచేస్తా, మిగతా ఐదూ అర అంగుళం పొడుగు పెట్టి కోసి, రెండు గ్రాములతో సరిపోతుందేమో చూస్తా. కానీ సెవెన్ ఒక్కటే పొట్టిగా ఉంటే సిక్స్‌కీ దానికీ మధ్య అంగుళం తేడా వస్తుంది కదా, అది ఇబ్బందా?

లంక_లెఫ్టీ

ఇబ్బందే. ఎయిట్ ఐరన్ పొడవు దానితో సమానమైపోతుంది కూడా. ఇంకో షాఫ్ట్ తెప్పించుకోండి.

భీమవరం_బోగీ

అదే అనుకున్నా, ఆర్డర్ పెట్టేశా. ఇక కాటా ఇచ్చేసి రావాలి, తమ్ముడు కౌంట్ చూడాలని రెండుసార్లు ఫోన్ చేశాడు.