విశాఖ దంతపు సామాను నమూనాలను కొత్త ఇళ్ళ గోడలపై యంత్రంతో దింపవచ్చునా?

సీతమ్మధార వాసి:

మేము కట్టుకుంటున్న ఇంటి హాలులో టీవీ వెనుక గోడకు ఎనిమిదడుగుల చెక్క పలక పెట్టి, 18వ శతాబ్దంలో మన ఊరి పనివారు దంతం పొదిగి చేసిన సామాను మీది పూలతీగలను దానిపై దింపించుకోమని మాకొక సలహా వచ్చింది. ముదురు రంగు ప్లైవుడ్‌ను యంత్రంతో తొలిచి, తొలిచిన చోట తెల్లటి యాక్రిలిక్ ముక్కలు కూరుస్తారట. విశాఖ కళ విశాఖ ఇంట్లో ఉండడం నాకెంతో నచ్చింది. మా పెద్దమ్మాయి మాత్రం అది కళ కాదు, కళకు తీసిన ఫొటో అంటున్నది. ఆ డబ్బుతో ఏటికొప్పాక లక్క బొమ్మల పనివారి చేత ఏదైనా చేయించుకుందామన్నది ఆమె పట్టుదల. తెలిసినవారు మీ అభిప్రాయం చెప్పగలరు.

పెదవాల్తేరు డిజైనర్:

పదిహేనేళ్ళుగా ఇళ్ళ లోపలి అలంకరణ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, యంత్రంతో చేసినంత మాత్రాన దాన్ని తీసిపారేయడం న్యాయం కాదు. మన దేశంలో ఏనుగు దంతపు వ్యాపారాన్ని 1986లోనూ, ఆఫ్రికా నుంచి వచ్చే దంతపు వ్యాపారాన్ని 1991లోనూ చట్టం నిషేధించింది కనుక, ఆ పని మళ్ళీ ఆ పదార్థంతో జరగదు, జరగకూడదు కూడా. అసలు వస్తువులు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, విదేశీ వేలాలలోనూ కనిపిస్తాయి తప్ప, వాటిని ఒక్కసారైనా కళ్ళారా చూసిన విశాఖవాసులు ఎందరున్నారు? పిల్లలు రోజూ చూసే గోడ మీద ఆ తీగ ఉంటే, మన ఊరికి ఇలాంటి పేరొకటి ఉండేదని వారికి తెలుస్తుంది. ఆనాటి పనివారు కూడా ఈస్టిండియా కంపెనీ దొరలు అడిగిన ఆకారాలనే చేసి అమ్ముకున్నారు. కొనేవారి అవసరాన్ని బట్టి పని మారడం ఈనాటిది కాదు.

వడ్రంగి ఇంటి బిడ్డ:

డిజైనర్ గారి చివరి వాక్యాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే ఆ వాక్యం నుంచే నేను వేరే చోటికి చేరుకున్నాను.

17వ శతాబ్దం చివర ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టిన తరువాత, మన వడ్రంగులకు అంతవరకు అలవాటు లేని రాత బల్లలు, సొరుగుల బీరువాలు, కుర్చీలు చేయవలసి వచ్చింది. ఆకారం ఇంగ్లండుది, టేకు, ఇరుగుడు వంటి కర్రలు ఈ దేశానివి, అంచుల వెంట పాకే పూలతీగ మన కోరమండల్ తీరపు అద్దకం బట్టలను గుర్తుకు తెస్తుంది. మొదట్లో కర్రను తొలిచి దంతపు ముక్కలు పొదిగేవారు. 18వ శతాబ్దం రెండో సగానికి వచ్చేసరికి పలుచని దంతపు రేకులను పైభాగమంతా అంటించి, వాటి మీద భవనాలు, చెట్లు గీయడం మొదలుపెట్టారు. 19వ శతాబ్దంలో గంధపు చెక్క పెట్టెలు, తాబేటి చిప్ప, కొమ్ము, ముళ్ళపంది ముళ్ళు వచ్చాయి. వీటిలో దేన్ని మనం అసలైన విశాఖ పని అనుకుని దింపుకోవాలి?

ఇంకొక మాట చెప్పాలి. ఆ దంతం మీద కనిపించే నల్లటి గీత వర్ణం పూసినది కాదు. సన్నటి ఉలితో గీసి, ఆ గాడిలో నల్ల లక్కను నింపి, పైన మిగిలినదాన్ని తుడిచేస్తే వచ్చే గీత అది. చేయి నొక్కిన చోట గాడి లోతై నలుపు చిక్కనవుతుంది, చేయి తేలికైన చోట వెంట్రుకలా సాగుతుంది. ముక్కలు కూర్చడానికి యంత్రం ఒకే లోతున తొలుస్తుంది కాబట్టి గీతకు ఈ ఊపిరి ఉండదు. పైగా ఆ తీగలు ఒడిలో పెట్టుకుని చూసే పెట్టెకూ, దగ్గర కూర్చుని రాసుకునే బల్లకూ గీసినవి. జానెడు తీగను ఎనిమిదడుగులకు సాగదీస్తే ఆకు తామరాకంత అవుతుంది. ఇలాంటి గోడను నేనొక హోటల్ లాబీలో చూశాను; పక్కనున్నవారు దాన్ని గోడకాగితం అనుకున్నారు.

ఆ లక్క పని మన దగ్గర ఇంకా బతికే ఉన్నది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క కడ్డీని అదిమితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి సహజ వర్ణాలను ఆ పనిలో తిరిగి నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. పూర్వులు దొరల రాత బల్లను తమ పనిలోకి తెచ్చుకున్నట్లే, నేటి పనివారికి మన సొరుగు గుబ్బను, దీపపు స్తంభాన్ని, మెట్ల కమ్మీని, పూజగది తలుపు గుండ్లను ఇవ్వాలి. నాకు వారసత్వమంటే ఇది.

పెదవాల్తేరు డిజైనర్:

గీత లోతు గురించి మీరు చెప్పినది నేను ఆలోచించనిది, ఒప్పుకుంటున్నాను. కానీ ఇంట్లో వాడేటప్పుడు లక్కకు హద్దులున్నాయి. వేడికి మెత్తబడుతుంది కనుక పొయ్యి పక్కన పనికిరాదు, స్పిరిట్‌తో తుడిస్తే కరుగుతుంది, పసుపు వర్ణం ఎండలో వెలిసిపోతుంది. సముద్రం వైపు తెరుచుకునే బాల్కనీకి నేను దాన్ని సూచించను. పైగా చేతితో తిప్పిన నలభై గుబ్బలు ఒకే కొలతలో రాకపోతే, ఇల్లుగలవారికి జవాబు చెప్పుకోవలసింది నేను.

వడ్రంగి ఇంటి బిడ్డ:

మీరు చెప్పిన హద్దులన్నీ నిజమే. కొలత విషయంలో మాత్రం, ఫొటో పంపి సరిపెట్టకుండా ఒక నమూనా గుబ్బను, మర పట్టే రంధ్రం కొలతను పనివారి చేతికి ఇచ్చి చూడండి. వెనుక మర సరిగ్గా కూర్చుంటే చాలు, ముందువైపు నూలువాసి తేడాను ఇల్లుగలవారు తప్పుగా చూడరని నా అనుభవం.

సీతమ్మధార వాసి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. గోడ పలక ఆలోచన మానుకున్నాము. వంటగదిని వదిలి, హాలు బీరువాకు, పూజగదికి కలిపి ఇరవై ఆరు గుబ్బలు కావాలని లెక్క తేలింది. వచ్చే ఆదివారం మా పెద్దమ్మాయి, నేను ఒక సొరుగును ఊడదీసి కారులో పెట్టుకుని ఏటికొప్పాక వెళుతున్నాము. గుబ్బలకు ఎరుపు ఒక్కటే చాలునా, పసుపు గీత కూడా వేయించాలా అన్నది అక్కడి పనివారినే అడుగుతాము.