గేర్‌బాక్స్ దించే ముందు ఒక్క మాట చెప్పండి

అమలాపురం వైపు కొబ్బరికాయల లోడుకి తిరిగే పాత డీజిల్ పికప్ అండీ. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేచోట, కింద పరిచిన అట్టముక్క మీద పొద్దున్నకి అరచేతంత నల్లమరక. గేర్ ఆయిల్‌కుండే గంధకం వాసన లేదు, ఇంజనాయిలే. వెయ్యి కిలోమీటర్లకి అర లీటరు తగ్గుతోంది. మెకానిక్ గారు రియర్ మెయిన్ సీల్ (క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఆయిల్ కారకుండా ఆపే రింగు) పోయింది, గేర్‌బాక్స్ దించి మార్చాలంటున్నారు. కానీ ఇంజన్ పైనుండే వాల్వ్ కవర్ వెనక మూల వేలికి తడి తగులుతోంది. అక్కడ కారినా బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు, క్లచ్‌ని కప్పే డొప్ప) మీదుగా ఇక్కడే చుక్క పడుతుంది కదా! కాలవగట్టు బురద పేరుకుని జాడ తెలీట్లేదు. డీజిల్‌తో కడిగి, బాగా ఆరాక పౌడర్ చల్లి 20 కిలోమీటర్లు తిప్పుదామనుకుంటున్నాం. క్లచ్ జారట్లేదు, అంటే ఆయిల్ దానికింకా అంటినట్టు లేదు. ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపు పూడుకుపోయి, లోపలి ఒత్తిడి ఆయిల్ని సీల్లోంచి తోస్తోందేమో ఎలా తేల్చాలి? అదే అయితే కొత్త సీల్ వేసినా మళ్లీ కారుతుంది. దయచేసి చెప్పండి.